కచిడి గాలితిత్తి ధర మత్స్యకారుడికీ తెలియాలి

కచిడి చేప లక్షలు పలికిందన్న వార్త వచ్చినప్పుడల్లా దాని గాలితిత్తితో ఆపరేషన్ కుట్లకు దారం తీస్తారని రాస్తున్నారు. ఆ మాట చాటున తిత్తి అసలు విలువ మత్స్యకారుడికి తెలియకుండానే మన రేవుల్లో బేరం సాగిపోతోంది. నిజానికి ఒంట్లో కరిగిపోయే కుట్ల దారం ఒకప్పుడు గొర్రెలు, పశువుల పేగులతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా కృత్రిమ దారాలే. చేప నీళ్లలో తేలడానికి తోడ్పడే ఈ తిత్తిని ఎండబెట్టి చైనా, హాంకాంగ్‌లలో సూపుల్లో, సంప్రదాయ వైద్యంలో వాడతారు. కొన్ని చేపల తిత్తుల నుంచి తీసే జిగురు పదార్థం ఐసింగ్లాస్‌తో బీరు, వైన్ తేరుస్తారు. అంటే ఖరీదంతా ఆ తిత్తిదే. మైపాడు ఒడ్డున మొన్న చూశాను: వ్యాపారి కచిడి పొట్ట వేలితో నొక్కి, మగదని గొణిగి, కాటా వేయకుండానే ఓ అంకె చెప్పాడు. రాత్రంతా వల లాగి చేతులు ఒరుసుకుపోయిన మనిషి తలూపాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో పస్తులుండే ఇంటికి ఆ ఒక్క చేప ఎంత ఆసరా! జువ్వలదిన్నె హార్బర్‌లోనూ, చిన్న రేవుల్లోనూ మత్స్యశాఖ కాటా పెట్టి బహిరంగ వేలం వేయించాలి. తిత్తిని పట్టినవాడి ఎదుటే కోసి, విడిగా తూచి, ఆనాటి ధర బోర్డు మీద తెలుగులో రాయాలి.

– ఒక పాఠకుడు, మైపాడు, నెల్లూరు జిల్లా