ఆ అబ్బాయిని ముందు నోటితో అడుగు

గుణదల, విజయవాడ
ఆదివారం రాత్రి

చిట్టీ,

అమ్మ దీవెనలు. నీ ఉత్తరం శుక్రవారం అందింది. అప్పటి నుంచి నాకు మరో ధ్యాస లేదు. ఎనిమిదో తరగతిలో నువ్వు సైన్సు పాఠం చెబుతున్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్లవాడు పరీక్ష కాగితం మీద నాలుగు వంకర పంక్తులు రాసి తల దించుకుంటున్నాడని రాశావు. వాళ్ల నాన్న మిర్చి యార్డు నుంచి నేరుగా బడికి వచ్చి, "తోలు తీయండి టీచర్, నేనేమీ అనను" అన్నాడని రాశావు. చివర్లో నన్ను అడిగావు: "వాడు బద్ధకిస్తున్నాడా అమ్మా?"

ముందు ఆ మాటను మనసులోంచి తీసేయి. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. అందులో సగం కాలం ఆ మాటనే నమ్మాను. అలా నమ్మి ఒక పిల్లకు చేసిన అన్యాయం నీకు ఇంతవరకు చెప్పలేదు.

కృష్ణలంక నుంచి వచ్చేది ఆ అమ్మాయి. అదీ ఎనిమిదో తరగతే. పద్యం ఒక్కసారి వింటే చాలు, యతి దగ్గర చక్కగా ఆగుతూ అప్పజెప్పేది. రాయమంటే మాత్రం 'మ' రావాల్సిన చోట 'య' వచ్చేది, 'ఘ' రావాల్సిన చోట 'ఫ' వచ్చేది, వత్తులు సగం ఎగిరిపోయేవి. 'విద్యార్థి' అన్న మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసింది. వందసార్లు రాసి తీసుకురమ్మన్నాను. తెచ్చింది. చివరి వరుసలో కూడా తప్పే ఉంది. అంత కష్టపడి రాసిన పిల్లను బద్ధకస్తురాలని ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మరుసటి ఏడాది ఆ పిల్ల బడికి రాలేదు. కొన్నాళ్లకు వాళ్లమ్మ ఇడ్లీ బండి దగ్గర చిల్లర లెక్క చూస్తూ కనిపించింది. నన్ను చూడగానే లేచి నిలబడింది. ఆ నిలబడటాన్ని నేను ఈనాటికీ మరిచిపోలేను.

ఆ తర్వాత రెండేళ్లకు మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ మా అందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టించారు. వచ్చినావిడ ఒక తెలుగు పేజీని అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు వేయించి, అందరి ముందు గట్టిగా చదవమన్నారు. తెలుగు పంతులమ్మనైన నాకు నాలుగో మాట దగ్గరే చెమటలు పట్టాయి. డిస్లెక్సియా అంటే అక్షరాలు తిరగబడి కనిపించడం కాదని, అది కళ్ల లోపం కాదని ఆవిడే తర్వాత వివరించారు. అక్షరాన్ని ధ్వనితో ముడివేసే పని ఆ పిల్లల మెదడులో ఎక్కువ శ్రమతో జరుగుతుంది. తెలివికి దానితో సంబంధం లేదు. రాతలో అటువంటి ఇబ్బంది ఉంటే డిస్‌గ్రాఫియా అంటారు, అంకెలతో ఉంటే డిస్‌కాల్క్యులియా అంటారు. ఆ పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నాను కానీ, నాకు నిజంగా బోధపరిచింది ఆ చెమటే.

ఇంకొకటి గమనించు. తెలుగులో అక్షరానికి పలుకు స్థిరం. అందుకని ఇటువంటి పిల్లలు తెలుగును తప్పుల్లేకుండానే చదవవచ్చు, కానీ నత్తనడకన చదువుతారు. ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఒకటి. అక్కడికి వచ్చేసరికి పూర్తిగా చతికిలబడతారు. "తెలుగు వస్తోంది కదా, ఇంగ్లీషు ఎందుకు రాదు, నాటకం" అని స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

ఇక నువ్వు చేయగలిగిన పని. రేపు వాణ్ణి మధ్యాహ్నం విరామంలో పక్కన కూర్చోబెట్టుకుని, తప్పిన పరీక్షలోని ప్రశ్నలే నోటితో అడుగు. చెప్పింది చెప్పినట్టు నీ చేత్తో రాసుకో. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడు. పరీక్ష నిజంగా దేన్ని కొలిచిందో నీకే తెలుస్తుంది. తరగతిలో హఠాత్తుగా లేపి చదవమనకు. ఏ పేరా చదవాలో ముందు రోజే చెవిలో వేయి. నల్లబల్ల మీదిది ఎక్కించుకోమని తొందరపెట్టకుండా నీ నోట్సు జిరాక్స్ తీసి ఇవ్వు. సైన్సు జవాబుకు సైన్సు మార్కులు వేయి, అక్షరదోషాలకు కోత పెట్టకు. పూర్వం వీధిబడిలో ఇసుకలో వేలితో దిద్దిస్తూ, నోటితో పలికించేవారు. వేలు, నోరు, చెవి, కన్ను కలిసి పనిచేయడం ఈ పిల్లలకు చాలా మేలు చేస్తుంది. అయితే పద్నాలుగేళ్ల వాడికి అది అందరి ముందు చేయిస్తే అవమానం. బడి వదిలాక చేయించు.

నువ్వు గుర్తించగలవు కానీ నిర్ధారించలేవు. ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించమను. ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చేది ప్రభుత్వ వైద్య బోర్డు. ఆ పని పదో తరగతి పరీక్షల ముందు మొదలుపెడితే అందదు, ఇప్పుడే మొదలుపెట్టాలి.

మీ స్టాఫ్‌లో ఒకరు "మనది మైనారిటీ పాఠశాల, ఆ చట్టాలు మనకు వర్తించవు" అన్నారని రాశావు. విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ఇది ఆ చట్టం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్లెక్సియా లాంటివన్నీ దాని కిందికే వస్తాయి. ప్రభుత్వం నిధులిచ్చే బడులతో పాటు, గుర్తింపు ఇచ్చిన బడుల గురించి కూడా అందులోని 16వ సెక్షన్ మాట్లాడుతుంది. ఈ ఇబ్బందిని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగినట్టు బోధించాలంటుంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాష నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆ పేజీలు కాపీ తీసి మీ హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కు ఇవ్వు. పోట్లాడినట్టు కాకుండా నెమ్మదిగా మాట్లాడు.

ఒకడికి ఎక్కువ సమయం ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా అంటారు. మంచం పట్టిన ముసలమ్మకు చర్చి పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదాన్ని ఫాదర్ ఇంటికే తీసుకువెళ్తారు. గుడికి నడిచి వెళ్లిన మనకు అది అన్యాయమని మన విచారణలో, అంటే మన చర్చి పరిధిలో, ఎవరైనా అన్నారా?

చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని ఫిబ్రవరి 11న గుణదల మేరీమాత కొండ ఎక్కేవాళ్లం, గుర్తుందా? లక్షల మంది వచ్చే ఆ ఉత్సవానికి మూలం ఒక చదువురాని పిల్ల. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మేరీమాత దర్శనం అయ్యేనాటికి బెర్నదెత్తకు పద్నాలుగేళ్లు, నీ విద్యార్థి వయసే. చదవడం, రాయడం రావు. సత్యోపదేశం, అంటే మతబోధ, ఎంత చెప్పినా బుర్రకెక్కడం లేదని విసుక్కున్నారు. ఆమెకు డిస్లెక్సియా ఉందని నేననను. పేదరికం, ఉబ్బసం ఆమెను బడికి దూరం చేశాయి. నా మనసు నిలిచిపోయేది మరొక చోట. మాత ఆ పిల్లతో ఫ్రెంచిలో మాట్లాడలేదు, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే యాసలో మాట్లాడింది. మార్చి 25న తన పేరు చెబితే, ఆ మాటలు మరిచిపోతానేమోనని దారి పొడవునా వల్లెవేసుకుంటూ ఆ పిల్ల విచారణ గురువు దగ్గరకు వెళ్లింది. నీ అబ్బాయి కూడా చెయ్యెత్తి నిలబడినప్పుడు పెదవులు కదుపుతూ ఉంటాడని రాశావు చూడు, అక్కడ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాళ్ల నాన్న మీద కోపం పెట్టుకోకు. బస్తాలు మోసి కొడుకును చదివించుకుంటున్న మనిషి. కొడుకు మోసం చేస్తున్నాడని ఆయనకు చెప్పింది మన బడులే.

శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తాను. పని ముగిశాక ఆయన్ను రమ్మని కబురు పెట్టు. అబ్బాయి నోటితో చెప్పిన జవాబులు నువ్వు రాసి ఉంచినవి ఆయనకు నేను చదివి వినిపిస్తాను. ఆ సమయంలో అబ్బాయి కూడా అక్కడే ఉండాలి.

ప్రేమతో,
అమ్మ