శీర్షికకు ప్రాస కుదిరితే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా అనుబంధం మొదటి పేజీలో ‘కాపురంలో కలహం.. కుంటలో శవం!’ అంటూ వచ్చిన పతాక శీర్షికను, దాని కింద ‘వివాహేతర బంధమే కారణమా?’ అన్న ఉపశీర్షికను అనంతపురం పాఠకులు ఇంకా మరిచిపోయి ఉండరు. ఆ వార్తను నేను ఒకటికి రెండుసార్లు చదివాను. సేద్యపు కుంటలో ఒక మహిళ మృతదేహం కనిపించిందని, శవపరీక్షకు పంపారని, అనుమానాస్పద మృతిగా కేసు నమోదు చేసి పోలీసులు దర్యాప్తు చేస్తున్నారని తప్ప అందులో మరేమీ లేదు. కలహం చూసిందెవరో, బంధం సంగతి చెప్పిందెవరో ఎక్కడా లేదు. ‘స్థానికులు చర్చించుకుంటున్నారు’ అన్న చివరి ముక్క ఒక్కటే అంత పెద్ద శీర్షికకు ఆధారం.

తరువాత తేలిందేమిటి? టమాటా తోటకు మందు కొట్టడానికి ట్యాంకులోకి నీళ్లు ముంచుకోబోయి, కుంటకు పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద కాలు జారి ఆమె పడిపోయిందని పోలీసులే చెప్పారు. మందు ట్యాంకు, ఆమె చెప్పులు గట్టు మీదే ఉన్నాయట. ఈ సంగతి మీ పత్రిక లోపలి పేజీలో, క్లాసిఫైడ్ ప్రకటనల పక్కన, నాలుగు వరుసల్లో వచ్చింది. ముందు రాసినదానికి విచారిస్తున్నామన్న మాట ఆ నాలుగు వరుసల్లో లేదు.

రాష్ట్ర వార్తల పేజీలో కనిపించే మనిషిని మనం ఎరగం. జిల్లా అనుబంధంలోకి ఎక్కే మనిషి పక్క ఊరి మనిషి, చాలాసార్లు మన బంధువుల బంధువు. పేరు వేయలేదని మీరు అనవచ్చు. మండలం పేరు, ఊరి పేరు, కుంట ఫొటో వేశాక ఇక దాగేదేముంది? టీ బంకు దగ్గర ఒక్క పేపరు పదిమంది చేతులు మారుతుంది. నిలబడి చదివేవారికి కనబడేది శీర్షికే. ఆమె పిల్లలు అదే ఊళ్లో బడికి పోవాలి. భర్త అదే కుంట నీళ్లతో పైరు పెట్టాలి. చివర ప్రశ్నార్థకం తగిలించినంత మాత్రాన ఆ నింద నింద కాకుండా పోదు.

శీర్షిక కింది వార్తకు తగినట్టుగా ఉండాలని, సంచలనం కోసం రాయకూడదని, ఆరోపణను శీర్షికకు ఎక్కించేటప్పుడు అది ఎవరి ఆరోపణో చెప్పాలని లేదా కనీసం ఉటంకింపు గుర్తులైనా పెట్టాలని పత్రికల నడతను చూసే ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో ఉంది. 1966లో తొలిసారి ఏర్పడిన ఆ సంస్థ మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా మాత్రం వేయలేదు. అందుకే కాబోలు ఎవరికీ లెక్క లేదు. బ్రిటన్‌లో ‘ది సన్’ అనే టాబ్లాయిడ్ 1989లో, హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాటకు బలైన లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల వైపువారి మీదే అభాండాలు వేసి, పైన ‘నిజం’ అని శీర్షిక పెట్టింది. మొదటి పేజీలో క్షమాపణ చెప్పడానికి దానికి 2012 దాకా పట్టింది. లివర్‌పూల్‌లో ఆ పత్రికను అమ్మని దుకాణాలు నేటికీ ఉన్నాయి.

ప్రాస మీద నాకు కోపం లేదు. చెత్త ఎత్తని మున్సిపాలిటీ మీద కట్టండి, హామీలు మరిచిన నాయకుల మీద కట్టండి, చదివి సంతోషిస్తాం. చావు మీద కట్టకండి. మన ప్రాంతానికి ఈ బాధ కొత్త కూడా కాదు. గెట్టు తగాదాలో ఇద్దరు కర్రలు పట్టుకుంటే చాలు, ‘సీమలో మళ్లీ పడగ విప్పిన ఫ్యాక్షన్’ అని రాసేస్తారు. ఉద్యోగాలకు, సంబంధాలకు బయటి ఊళ్లకు పోయే మన పిల్లలు ఆ పేరు మోస్తున్నారు. పప్పూరు రామాచార్యులు 1926లో సాధన పత్రికను ఇదే అనంతపురం నుంచి మొదలుపెట్టారు. విద్వాన్ విశ్వం ఈ జిల్లా తరిమెలలోనే పుట్టారు. అటువంటి పాత్రికేయులను కన్న గడ్డ మీద ఒక ఇల్లాలి చావుకు ఇలాంటి శీర్షికా?

అసలు రాయవలసిన వార్త మీ విలేకరి తీసిన ఫొటోలోనే ఉంది. ఆ కుంట చుట్టూ కంచె లేదు. పట్ట పరిచిన కుంటలో పడితే చేతికి పట్టు దొరకదు. పట్టుకుని పైకి రావడానికి ఒక తాడైనా కట్టి లేదు. ఎన్ని కుంటలు తవ్వించామో ప్రతి సమావేశంలోనూ చెప్పుకునే అధికారులు వాటిలో ఎన్నింటికి కంచె వేయించారో చెప్పరు. ఆ ప్రశ్న మీ పత్రిక అడిగి ఉంటే ఇంకొక ప్రాణమైనా నిలిచేది. కుటుంబం పరువు తీసే ప్రశ్నకు దొరికిన చోటు ఈ ప్రశ్నకు ఎందుకు దొరకలేదు?

నేను కోరేది ఒక్కటే. తప్పు ఏ పేజీలో, ఎంత అక్షరాల్లో వచ్చిందో సవరణ కూడా అదే పేజీలో, అంతే అక్షరాల్లో రావాలి. ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లేవారు ముందుగా సంపాదకునికి రాయాలని, దినపత్రిక విషయంలో వార్త వచ్చిన రెండు నెలల లోపు ఫిర్యాదు చేయాలని నిబంధన ఉంది. ఈ లేఖను ఆ మొదటి మెట్టుగానే స్వీకరించగలరు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
అనంతపురం