ట్యాంకర్ అన్నా, మీకు దండం

కొన్న ఇంట్లో బాత్రూం నీళ్లు వెనక్కి తన్నితే అందరూ పైపులో అడ్డం పడిందనే అంటారు. పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన అన్నా, మీరు మాత్రం తోడే మోటారు వేయకముందే సెప్టిక్ ట్యాంకు మూత తీయించి నీటిమట్టం చూశారు. బయటికెళ్లే పైపు అడుగు అంచుకు సమానంగా ఉంటే సరే. పైకి ఉంటే ఆ పైపైనా పూడింది, లేదా ట్యాంకు నీరు మట్టిలోకి ఇంకే ఇంకుడు గుంత తాగడం లేదు, కిందికి ఉంటే ట్యాంకు కారుతోంది. ముందే తోడేస్తే ఈ ఆనవాలే పోతుంది. తోడాక ఆ పైపులోంచి మురుగు ట్యాంకులోకి తిరిగి రావడం టార్చి వేసి మరీ చూపించారు.

అసలు లోపం, అవుట్‌లెట్ దగ్గర టీ పైపు, అంటే ఇంగ్లిష్ T ఆకారపు పైపు ముక్క, లేకపోవడం. అది ఉంటేనే పైన తేలే తెట్టు ఆగి మధ్యనున్న నీరు బయటికి పోతుంది. లేకపోతే తెట్టంతా గుంతలోకి చేరి మట్టి రంధ్రాల్ని పూడ్చేస్తుంది. కొత్త టీ బిగించినంత మాత్రాన పూడిన గుంత బాగుపడదని మొహమాటం లేకుండా చెప్పారు. చాలామంది ఆ మాట దాటేస్తారు. తొంగి చూడబోతే వెనక్కి లాగారు, లోపలి విషవాయువు మనిషిని క్షణాల్లో పడగొడుతుంది కాబట్టి. కర్రకు పాత తెల్ల తువ్వాలు చుట్టి అడుగుదాకా దించితే మరకే మడ్డి ఎత్తు చెబుతుందనీ, మడ్డి, తెట్టు కలిపి లోతులో మూడో వంతుకు చేరితే తోడించాలనీ నేర్పినందుకు కృతజ్ఞతలు.