వార్షిక నివేదిక 2024-25: డిగ్రీ చదువులో బోధన, పరీక్షలు - గుంటూరులో మన సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘంలో రిటైరైన లెక్చరర్లు, ఇప్పుడు పాఠాలు చెబుతున్నవాళ్లు, డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రులు కలిసే ఉన్నారు. అందుకే మన మీటింగు ఏదీ చెప్పిన టైముకి ముగియదు. ఈ ఏడాది మాత్రం ఒక్క విషయంలో దాదాపు అందరం ఏకమయ్యాం. ప్రశ్నపత్రం మారనంతకాలం తరగతిలో బోధన మారదు. ఏడాదంతా చేసిన పని దీని చుట్టూనే తిరిగింది.

ముందు తల్లిదండ్రుల సమావేశాల గురించి. అప్పట్లో బీఏ హెచ్‌ఈపీనో, బీఎస్సీ ఎంపీసీనో చదివిన తండ్రికి ఇప్పుడు కొడుకు మార్కుల మెమో అర్థం కావడం లేదు. ఆయన తప్పేం లేదు. 2015లో సీబీసీఎస్, అంటే సబ్జెక్టులు ఎంచుకునే వీలున్న క్రెడిట్ల పద్ధతి వచ్చింది. 2020 జులైలో జాతీయ విద్యా విధానం వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రంలో నాలుగేళ్ల ఆనర్స్, పది నెలల తప్పనిసరి ఇంటర్న్‌షిప్ మొదలయ్యాయి. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం. 2023-24లో మూడు ప్రధాన సబ్జెక్టులు పోయి సింగిల్ మేజర్ వచ్చింది. ఒకే ఇంట్లో అక్కది ఒక పద్ధతి, తమ్ముడిది ఇంకో పద్ధతి.

అందుకని లక్ష్మీపురంలో, అరండల్‌పేటలో కూర్చుని క్రెడిట్లంటే ఏమిటో చెప్పాం. ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటల థియరీ, లేదా 30 గంటల ప్రాక్టికల్. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్లకు 160. ఈ లెక్క బోర్డు మీద వేయగానే ఒక తల్లి లేచి, "అంటే నాలుగు క్రెడిట్ల పేపరుకి మా అమ్మాయికి 60 గంటలు పాఠం జరగాలి కదండీ, జరుగుతోందా?" అని అడిగారు. వేదిక మీద ఉన్న మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అడ్మిషన్లు ఆలస్యమై, ఇంటర్నల్స్‌కీ పండగలకీ రోజులు పోయి, గెస్ట్ లెక్చరర్ మధ్యలో మానేస్తే మిగిలేది ఎంతో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు కొందరు తల్లిదండ్రులు జరిగిన క్లాసుల లెక్క పిల్లల చేతే రాయిస్తున్నారు. విధానం గురించి ఇంతకంటే మంచి చర్చ ఈ ఏడాది మరొకటి జరగలేదని నా అభిప్రాయం.

వేసవి సెలవుల్లో ప్రశ్నపత్రాల పరిశీలన పెట్టుకున్నాం. ఇప్పటి సిలబస్ పుస్తకంలో ప్రతి పేపరు ముందూ 'కోర్స్ అవుట్‌కమ్స్' ఉంటాయి. విద్యార్థి విశ్లేషించగలగాలి, అన్వయించగలగాలి, పోల్చి తేల్చగలగాలి అని రాసి ఉంటుంది. పక్కనే పాత ప్రశ్నపత్రాలు పరిచాం. వాటిలో 'నిర్వచించండి', 'లక్షణాలు రాయండి', 'వివరించండి' తప్ప ఇంకేమీ దొరకడం కష్టమైంది. అవే ప్రశ్నలు ఏడాది విడిచి ఏడాది తిరిగి వస్తున్నాయి. బ్రాడీపేటలో గైడు కొనుక్కుని పది ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపడితే గట్టెక్కవచ్చని పిల్లలకు తెలుసు. 75 మార్కుల పేపరు అలా ఉన్నప్పుడు లెక్చరరు ప్రాజెక్టులు, చర్చలు అంటే వినేదెవరు? మిగతా 25 ఇంటర్నల్ మార్కులు చాలాచోట్ల దాదాపు అందరికీ నిండుగానే పడుతున్నాయి కాబట్టి వాటితో కూడా ఒరిగేదేం లేదు.

ఊరికే విమర్శించి వదలకుండా కొన్ని ప్రశ్నలు మేమే తయారు చేశాం. ఎకనామిక్స్‌లో 'మార్కెట్ రకాలను వివరించండి' బదులు మన మిర్చి యార్డు తీసుకున్నాం. రైతుకి వచ్చిన ధర, కమీషన్, కోల్డ్ స్టోరేజీ ఖర్చు ఇచ్చి, ఈ రైతు ఇప్పుడే అమ్మాలా, సరుకు దాచాలా, కారణం రాయండి అని అడిగాం. ఇంటర్ మొదటి నుంచి బట్టీకే అలవాటు పడ్డ కుర్రాడు కూడా దీనికి సొంతంగా ఒక పేజీ రాశాడు. భాష తప్పులున్నా ఆలోచన ఉంది.

దీనికి గట్టి అభ్యంతరమూ వచ్చింది. స్పాట్ వాల్యుయేషన్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఒక మాస్టారు, "రోజుకి అన్ని పేపర్లు దిద్దేవాడికి ఒకే జవాబు ఉండే ప్రశ్న కావాలి. మీ మిర్చి ప్రశ్నకి నేనిచ్చే మార్కులకీ పక్క టేబులాయన ఇచ్చే మార్కులకీ పొంతన ఉండదు" అన్నారు. ఆ మాట కొట్టిపారేయలేం. అందుకే ప్రతి ప్రశ్నకీ మార్కుల విభజన కూడా రాసి, రెండూ కలిపే విశ్వవిద్యాలయానికి వినతిపత్రంతో పంపాం. అందినట్టు ముద్ర పడింది. జవాబు ఇంకా రాలేదు.

భాష సంగతి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టరులోనే డీలా పడుతున్నారు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా పరీక్ష స్థానిక భాషలో రాసుకోనివ్వండని 2023 ఏప్రిల్లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విశ్వవిద్యాలయాలను కోరిన విషయం చాలామంది విద్యార్థులకు తెలియదు. మన ఆదివారం తరగతుల్లో పాఠం తెలుగులో చెప్పి, జవాబు ఇంగ్లిష్‌లో రాయిస్తున్నాం. తెలుగు అకాడమీ పాత డిగ్రీ పుస్తకాలు ఇంట్లో ఉన్న సభ్యులు దయచేసి తూకానికి వేయకుండా మాకివ్వండి.

మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి ఈసారి కొందరిని మంగళగిరి నేతన్నల ఇళ్లకు పంపాం. రెడీమేడ్ రిపోర్టులు జిరాక్స్ షాపుల్లో దొరుకుతున్న రోజుల్లో వీళ్లు ఎండలో తిరిగి, నూలు ఎక్కడి నుంచి వస్తుంది, చీరకి కూలి ఎలా కడతారు అని అడిగి రాసుకొచ్చారు. వైవాలో రెండు నిమిషాల్లో పంపేశారని బాధపడ్డారు.

వచ్చే ఏడాది కోసం రెండు పనులు అనుకున్నాం. ఒకటి, సైన్స్ సబ్జెక్టులకు కూడా ప్రశ్నల నమూనాలు. కెమిస్ట్రీ వాళ్లు ముందుకు రావాలి. రెండోది, విజయవాడలో ఒక సభ. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే. వాల్తేరుకి వెళ్లింది 1930లో. 2026లో నూరేళ్లు నిండే సందర్భంగా, ఈ నూరేళ్లలో పరీక్ష పద్ధతి ఎంత మారిందో అక్కడే మాట్లాడుకుందామని ప్రతిపాదన. హాలు సంగతి విజయవాడ సభ్యులు చూస్తున్నారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఎక్కువ ఖర్చు జిరాక్స్‌లకీ టీలకీ అయింది. చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశం నాటికి కోశాధికారి గారికి కట్టి రసీదు తీసుకోగలరు.

- కార్యదర్శి