కౌన్సెలింగ్ గదిలో ఆరు చెవులు

సంపాదకులకు నమస్కారం.

మానసిక చికిత్సలో కృత్రిమ మేధ గురించి మీరు వేసిన వ్యాసం చదివి వారం దాటింది. తెలిసినవారెవరైనా స్పందిస్తారేమోనని ఆగాను. క్రికెట్ జట్టు ఎంపిక మీద లేఖలకు కరువు లేదు గానీ, దీని మీద ఒక్కరూ కలం కదపలేదు. అందుకే ఈ విశ్రాంత ఉపాధ్యాయుడు రాయవలసి వచ్చింది.

వ్యాసంలోని సైకోథెరపిస్టులందరిదీ (మాటల ద్వారా మనసుకు చికిత్స చేసేవారు) ఒకటే పాట: మనిషిలా బదులిచ్చే చాట్‌బాట్‌ అనే కంప్యూటర్ ప్రోగ్రాముకు మనసు లేదు, అది రోగితో మాట్లాడకూడదు. ఒప్పుకుంటాను. అలాంటిదే అయిన 1966 నాటి ఎలైజా ప్రోగ్రాముతో జనం గుండె విప్పి మాట్లాడటం చూసి, దాన్ని తయారుచేసిన జోసెఫ్ వైజెన్‌బామే బెంబేలెత్తిపోయాడు. కానీ ఆ పెద్దలే రెండు పేరాలు దాటగానే, రోగి మాటలు విని సెషన్ నోట్సు, అంటే ఆ సంభాషణ సారాంశం, రాయడానికి ఏఐ (కృత్రిమ మేధ) భేషుగ్గా పనికొస్తోందని, బోలెడు సమయం కలిసొస్తోందని మురిసిపోయారు. అంటే యంత్రం రోగితో మాట్లాడితే పాపం, రోగి మాటలు పొంచి వింటే పుణ్యం! మొదటిది వాళ్ల ఉపాధికి ఎసరు పెడుతుంది, రెండోది వాళ్ల పని తగ్గిస్తుంది. తేడా అంతేనని నాకు అనిపించింది.

మా బంధువుల అమ్మాయి కాన్పు తరువాత దిగులు పట్టుకుని ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లింది. బల్ల మీది ఫోను తన మాటలన్నీ రికార్డు చేసి, ఎక్కడికో పంపి, సారాంశం రాయించి తెస్తోందని ఆమెకు చాలా రోజులకు గానీ తెలియలేదు. అడిగితే, "మీరు సంతకం పెట్టిన ఫారంలో ఉందండీ" అన్నారట. ఆ ఫారం నేనూ చూశాను. పేజీల కొద్దీ ఇంగ్లీషు, భూతద్దానికి కూడా లొంగని అక్షరాలు. అత్తగారి గురించి, భర్త గురించి ఏడుస్తూ చెప్పుకున్నదంతా ఇప్పుడు ఏ దేశంలో ఏ కంప్యూటర్లో ఉందో ఆ కౌన్సెలర్‌కే తెలియదు. ఆ పిల్ల మళ్లీ అక్కడికి వెళ్లలేదు. ఇంకెక్కడికీ వెళ్లనంటోంది కూడా.

చట్టాలు లేకనా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా ప్రకటించింది. 2023 డేటా రక్షణ చట్టం, సమ్మతి కోరే కాగితాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలంటోంది. అందులో తెలుగు ఉందన్న సంగతి మన అధికారులకు ఎవరైనా గుర్తు చేయాలి. ఆ చట్టానికి నియమాలు రావడానికే 2025 నవంబరు దాకా పట్టింది!

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో చట్టం చేసి, ఏఐ సొంతంగా చికిత్స చేయడాన్ని నిషేధించింది. దాంతో ఆగలేదు. సెషన్‌ను రికార్డు చేసి ఏఐకి ఇవ్వాలంటే ఎందుకోసమో రోగికి రాతపూర్వకంగా చెప్పి, ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలంది. షరతులన్నిటికీ కలిపి పెట్టించుకున్న సంతకం చెల్లదంది. ఉల్లంఘిస్తే జరిమానా పదివేల డాలర్ల దాకా ఉంటుంది. మన దగ్గర కొత్త యాప్ ఆవిష్కరణకు రిబ్బను కత్తిరించేవారు దొరుకుతారు గానీ, ఈ ఒక్క ముక్క రాసేవారు దొరకరు.

అసలు మన వ్యవహారమే అంత. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. నాకు తెలిసిన ఒక కాలేజీలో డ్రిల్లు మాస్టారి గదికి కౌన్సెలర్ అని బోర్డు తగిలించారు. తనిఖీకి వచ్చినవారు బోర్డు చూసి, టీ తాగి వెళ్లారు. రేపు ఆయన బల్ల మీదా ఒక ఫోను పెట్టి, ఆధునిక సౌకర్యం అంటారు.

చికిత్సకుల పనిభారం నాకు తెలియనిది కాదు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశమిది. రాతకోతల బరువు తగ్గితే మంచిదే. అయితే రోగిని తెలుగులో, నోటితో, ఫోను నొక్కక ముందే అడగడానికి ఎంతసేపు పడుతుంది? వద్దంటే పాత పద్ధతిలో కాగితం మీద రాసుకోవడానికి చేతులు నొప్పి పుడతాయా?

రెండు రాష్ట్రాల్లోని మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలు ఒక పేజీ తెలుగు సమ్మతి పత్రం తయారుచేసి, ప్రతి క్లినిక్‌కూ తప్పనిసరి చేయాలి. మీ విలేకరి కూడా ఆ చికిత్సకులనే మళ్లీ కలిసి, ఈసారి వాళ్ల అభిప్రాయాలు కాకుండా, రికార్డింగు సంగతి తమ రోగులకు చెబుతున్నారో లేదో అడిగి రాయాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి