టిఫ్లిస్‌ని ఎందుకు వదిలేశారు?

సంపాదకులకు నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో కాకసస్ దేశాల సాహిత్యం మీద వ్యాసం వేశారు, సంతోషం. కానీ అజర్‌బైజాన్‌కో పెట్టె, జార్జియాకో పెట్టె గీసి, ఇందులో కవి నిజామీ, అందులో కవి రుస్తావేలీ అని సర్దేసి చేతులు దులుపుకున్నారు. అయినా అజర్‌బైజాన్‌లోని గంజా అనే ఊళ్లో పుట్టిన నిజామీ రాసింది పారశీకంలో, ఆయన చెప్పిన లైలా మజ్నూ కథని తర్వాత జార్జియన్‌లో కావ్యం చేసింది సాక్షాత్తూ వాళ్ల రాజు మొదటి తైమురాజ్. ఇక పెట్టెలెక్కడ నిలుస్తాయండీ?

అసలు టిఫ్లిస్ (ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసి) ఊసే ఎత్తలేదు మీరు. 19వ శతాబ్దంలో రష్యన్ల కాకసస్ పాలనకి అదే కేంద్రం కాబట్టి కొలువులు, బళ్లు, అచ్చు యంత్రాలు అన్నీ అక్కడే, అజర్‌బైజాన్ కవులూ అక్కడికే చేరారు. గంజా నుంచి వచ్చిన మీర్జా షఫీ అక్కడ పాఠాలు చెప్పుకుని బతికాడు. 1840ల్లో బోడెన్‌స్టెట్ అనే జర్మన్ ఆయన దగ్గర చదువుకుని వెళ్లి, 1851లో మీర్జా షఫీ పాటలంటూ జర్మన్‌లో పుస్తకం వేస్తే అది తెగ అమ్ముడుపోయింది. మరుసటి ఏడాదే గురువుగారు పోయారు. 1870ల్లో శిష్యుడు మాట మార్చి, అవన్నీ నేను రాసినవే అన్నాడు! ఎవరి రాత ఎంతో పండితులు తేల్చుకోనీండి గానీ, గురువు పేరు లేకపోతే ఆ పుస్తకం అంత ఆడేదా అని నా అనుమానం.

నాకు మరీ కష్టంగా అనిపించింది ‘మొల్లా నస్రెద్దీన్’ పత్రికని వదిలేయడం. మనకి ముల్లా నస్రుద్దీన్ అంటే గాడిద, తలపాగా, పిల్లల కథలు. ఆ పేరుతోనే జలీల్ మమ్మద్‌గులుజాదే 1906లో టిఫ్లిస్ నుంచి అజర్‌బైజానీ భాషలో వ్యంగ్య పత్రిక మొదలుపెట్టాడు. తోడు నిలిచిన ఒమర్ ఫాయిక్ జార్జియాలోనే అఖల్‌త్సిఖే వైపు పుట్టినవాడు, బొమ్మలేసిన ష్మెర్లింగ్ టిఫ్లిస్‌లో పుట్టిన జర్మన్. ఇక ఆ పత్రికకి రాసిన కవి సాబిర్! అజర్‌బైజాన్‌లోని షమాఖీలో సబ్బులు చేసి అమ్ముకుంటూ, మారుపేర్లతో పద్యాలు రాసి పంపేవాడు, మతం అడ్డం పెట్టుకుని జనాన్ని ఏడిపించేవాళ్లని ఏకిపారేసేవాడు. జబ్బు చేస్తే వైద్యానికి టిఫ్లిస్‌కే వెళ్లాడు. 1911లో పోయాడు, యాభై కూడా నిండలేదు.

ఇదంతా జార్జియన్ల ఘనతే అని నేననడం లేదు, అప్పటి టిఫ్లిస్‌లో అర్మేనియన్లు, రష్యన్లు, జర్మన్లు అందరూ ఉండేవాళ్లు. అయితే ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం రెండువైపులా జరిగింది. జార్జియా సరిహద్దుకి దగ్గర్లో, అజర్‌బైజాన్‌లోని కజఖ్ ప్రాంతంలో పుట్టిన సమద్ వుర్గున్, ఇంకో ఇద్దరు కవులతో కలిసి రుస్తావేలీ కావ్యాన్ని అజర్‌బైజానీలోకి తెచ్చాడు. అంతకు ముందు 18వ శతాబ్దంలో పాటలు కట్టిన సయత్ నోవా సంగతి చూడండి: మనిషి అర్మేనియన్, కొలువు జార్జియా రాజు ఎరెక్లే దగ్గర, దొరికిన పాటల్లో ఎక్కువ భాగం అజర్‌బైజానీలో. ఈయన్ని మీ వ్యాసకర్త ఏ పెట్టెలో పెడతారో తెలుసుకోవాలనుంది.

జార్జియాలో 2014 జనాభా లెక్కల ప్రకారం రెండు లక్షల ముప్పై వేల మందికి పైగా అజర్‌బైజానీలు ఉన్నారు, ఎక్కువమంది మార్నెవులి వైపు. రెండో భాగం వేసే ఆలోచన ఉంటే ఒక్క పేజీ టిఫ్లిస్‌కి ఇవ్వండి, అందులో సాబిర్ పద్యం ఒక్కటైనా తెలుగు చేయించి వేయండి.

— మీ పాత పాఠకుడు, విజయవాడ