మిగిలిన 62 శాతం ఓట్లు ఎవరివి? పీజీఏ టూర్ సీఈఓ గారికి బహిరంగ లేఖ

శ్రీ బ్రయాన్ రోలాప్ గారికి,
ముఖ్య కార్యనిర్వహణాధికారి, పీజీఏ టూర్,
పాంటే వెడ్రా బీచ్, ఫ్లోరిడా.

అయ్యా,

2024 జనవరి మొదటి వారంలో, అమెరికాలో పురుషుల ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నీలు నడిపే మీ సంస్థ, 2023 సంవత్సరానికి ఉత్తమ ఆటగాడిగా స్కాటీ షెఫ్లర్‌ను సహ ఆటగాళ్లు ఎన్నుకున్నారనీ, ఆయనకు 38 శాతం ఓట్లు వచ్చాయనీ ప్రకటించింది. అప్పటికి మీరు ఈ సంస్థలోకి రాలేదు కనుక ఆ ప్రకటన బాధ్యత మీది కాదు. కానీ ఆ అంకె దగ్గరే ఆగిపోయిన నాలాంటి ప్రేక్షకులకు జవాబు చెప్పగలిగే కుర్చీలో ఇప్పుడు ఉన్నది మీరే. అందుకే ఈ లేఖ. నేను అడిగేది ఒక్కటే. జాక్ నిక్లాస్ పేరిట ఇచ్చే ఈ పురస్కారానికి ఎవరెవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఏటా పూర్తిగా వెల్లడించండి.

ఆ 38 శాతాన్ని కాసేపు కాగితం మీద పెట్టి చూడండి. పోటీలో ఉన్నవారు ఐదుగురు: షెఫ్లర్, జాన్ రామ్, విక్టర్ హోవ్లాండ్, విండమ్ క్లార్క్, రోరీ మెకిల్‌రాయ్. షెఫ్లర్ పోను మిగిలిన 62 శాతాన్ని నలుగురు పంచుకున్నారంటే, రెండో స్థానంలో ఉన్న వ్యక్తికి కనీసం 15.5 శాతమైనా వచ్చి ఉండాలి, గరిష్ఠంగా 37 పైచిలుకు వరకూ వచ్చి ఉండవచ్చు. మొదటి లెక్క నిజమైతే అది ఏకపక్ష విజయం, రెండో లెక్క నిజమైతే అరడజను మంది ఆటగాళ్లు మనసు మార్చుకుంటే తారుమారయ్యే ఫలితం. ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలుసుకోవడానికి బయటివారికి దారి లేదు.

పైగా ఆ ఏడాది పోటీ మామూలు పోటీ కాదు. షెఫ్లర్ 23 టోర్నీలాడి 17 సార్లు తొలి పదిమందిలో నిలిచాడు, ఒక్కో రౌండుకు స్ట్రోకుల సగటులో అందరికంటే మెరుగ్గా ఉండి వార్డన్ ట్రోఫీ కూడా అందుకున్నాడు. గెలిచినవి మాత్రం ఫీనిక్స్ ఓపెన్, ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ రెండే. రామ్ నాలుగు గెలిచాడు, వాటిలో మాస్టర్స్ ఒకటి (మేజర్లనే నాలుగు అతిపెద్ద టోర్నీల్లో అదొకటి). హోవ్లాండ్ మూడు గెలిచి, సీజన్ ఛాంపియన్‌కు ఇచ్చే ఫెడెక్స్ కప్ ఎత్తుకుపోయాడు. క్లార్క్ యూఎస్ ఓపెన్ విజేత. ఏడాది పొడవునా తడబడకుండా ఆడినవాడు గొప్పా, నాలుగు వారాలు ఎవరికీ అందనంత ఎత్తున ఆడినవాడు గొప్పా అన్నది గోల్ఫ్‌లో ఎప్పటికీ తెగని తగవు. ఆ తగవులో ఆటగాళ్లు ఎటువైపు మొగ్గారో చెప్పగలిగిన ఆధారం మీ దగ్గరుంది, అది బీరువాలో ఉంది.

ఇక రెండో సంగతి. ఓటింగ్ గడువు ఇంకా ముగియకముందే, డిసెంబరు 7న, రామ్ మీ టూర్‌ను వదిలి, దానికి పోటీగా పుట్టిన లివ్ గోల్ఫ్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాడు. ఆ వార్త విన్నాక ఎంతమంది ఆయనకు వేయాలనుకున్న ఓటును వేరొకరికి వేశారో తెలియదు. ఎవరూ మార్చుకోలేదేమో, అదీ తెలియదు. తెలియనిచోట జనం అనుమానం పెట్టుకుంటారు, ఆ అనుమానం షెఫ్లర్ గెలుపు మీద పడింది. ఆయన అంత నిజాయితీగా ఆడిన ఏడాదికి ఇది అన్యాయం. 2022లోనూ దాదాపు ఇదే కథ. ఆ ఏడాది మొదట్లో టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్, మార్చిలో ప్లేయర్స్, జులైలో సెయింట్ ఆండ్రూస్‌లో 150వ బ్రిటిష్ ఓపెన్ గెలిచిన కామెరాన్ స్మిత్ ఆగస్టు ఆఖరులో లివ్‌కు వెళ్లాడు. ఆయనా, షెఫ్లర్, మెకిల్‌రాయ్ పోటీపడగా షెఫ్లర్‌ను ఎన్నుకున్నారు. మాస్టర్స్‌తో కలిపి నాలుగు గెలిచిన షెఫ్లర్ ఆ పురస్కారానికి అర్హుడే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ లెక్క కళ్ల ముందుంటే ఈ వాక్యం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఓట్లకు బదులు అంకెలతోనే విజేతను తేల్చవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అలా తేల్చే పద్ధతీ మీ దేశంలోనే ఉంది. అమెరికా పీజీఏ (మీ టూర్ కాదు, వేరే సంస్థ) 1948 నుంచి ఇస్తున్న ఉత్తమ ఆటగాడి పురస్కారానికి 1982 నుంచి పాయింట్లే ఆధారం. గెలుపులకు, సంపాదనకు, స్ట్రోకుల సగటుకు పాయింట్లు వేస్తారు, మేజర్ గెలుపునకు బరువు ఎక్కువ. ఈ రెండు పద్ధతులూ వేర్వేరు మనుషులను ఎంచడం అరుదేమీ కాదు. 2019లో పాయింట్లు బ్రూక్స్ కెప్కాను చూపిస్తే ఆటగాళ్లు మెకిల్‌రాయ్‌ని ఎన్నుకున్నారు. 2020లో జస్టిన్ థామస్, డస్టిన్ జాన్సన్. 2021లో జాన్ రామ్, పాట్రిక్ కాంట్లే. వరుసగా మూడేళ్లు రెండు తీర్పులు! కెప్కా 2019 సీజన్‌లో పీజీఏ ఛాంపియన్‌షిప్‌తో కలిపి మూడు గెలిచాడు. మెకిల్‌రాయ్ కూడా మూడే గెలిచాడు, వాటిలో మేజర్ లేదు, కానీ ప్లేయర్స్, టూర్ ఛాంపియన్‌షిప్ ఉన్నాయి. మేజర్ కంటే మరేదో ముఖ్యమని మీ ఆటగాళ్లు ఆ ఏడాది చెప్పారు. ఎంతమంది చెప్పారు? మీ సంస్థ ఒక్క అంకె కూడా బయటపెట్టలేదు.

మిగతా ప్రపంచంలో ఏడాది చివరి గౌరవాలు ఎక్కువగా కూడికల మీదే నడుస్తాయి. యూరప్ టూర్‌లో ఆర్డర్ ఆఫ్ మెరిట్, అంటే సీజన్ ర్యాంకుల పట్టిక, 2009 నుంచి రేస్ టు దుబాయ్ అయింది. పేరు మారినా సీజన్ పొడవునా పోగేసుకున్నదే లెక్క. కాలిన్ మాంట్‌గొమరీ 1993 నుంచి 1999 దాకా వరుసగా ఏడుసార్లు, 2005లో ఎనిమిదోసారి గెలిచాడంటే ఎవరూ కారణం అడగలేదు, పట్టిక చూసుకున్నారు. మెకిల్‌రాయ్ 2025లో ఏడోసారి గెలిచి ఆయన వెనకే నిలిచినప్పుడూ అంతే. ఆసియా టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌ను మనవాళ్లు జ్యోతి రంధావా 2002లో, అర్జున్ అత్వాల్ 2003లో, జీవ్ మిల్ఖా సింగ్ 2006లోనూ 2008లోనూ, అనిర్బన్ లాహిరి 2015లో, శుభాంకర్ శర్మ 2018లో గెలుచుకున్నారు. ఒక్కరికీ ఒక్క ఓటూ అక్కరలేకపోయింది. మా దేశపు ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ పీజీటీఐ పట్టికలో 2023లో మొదటి స్థానంలో నిలిచిన ఓం ప్రకాశ్ చౌహాన్‌కు ఆ స్థానమే యూరప్ టూర్ కార్డు, అంటే అక్కడ ఆడే అర్హత, తెచ్చిపెట్టింది. ఇలా జీవితాన్నే మార్చే గౌరవానికి లెక్క తేటగా ఉండటం న్యాయం.

అయితే కూడికలు కూడా తిక్క పనులు చేస్తాయని ఒప్పుకోవాలి. 2025లో లివ్ గోల్ఫ్‌లో హోకీన్ నీమన్ ఐదు టోర్నీలు గెలిచాడు, రామ్ ఒక్కటీ గెలవలేదు. వ్యక్తిగత ఛాంపియన్ మాత్రం రామ్. ప్రతి వారం పైవరసలో ఉంటూ పాయింట్లు పోగేస్తే అలాగే అవుతుంది, నియమం ప్రకారం అది తప్పూ కాదు. కానీ అక్కడి ఆటగాళ్లను పిలిచి ఈ ఏడాది గొప్పవాడెవరని అడిగితే ఎంతమంది నీమన్ పేరు చెప్పేవారో ఊహించుకోవచ్చు. అందుకే ఓటు పద్ధతి ఎత్తేయమని నేను అడగడం లేదు. బరిలో పక్కపక్కన నడిచినవాడికి తెలిసినంతగా పట్టికకు తెలియదు. ఓటుకు విలువ ఉందని నమ్మేవాడిని కాబట్టే దాన్ని లెక్కపెట్టి చూపించమంటున్నాను.

మీకు ఇది కొత్త సంగతి కాదు. మీరు రెండు దశాబ్దాలకు పైగా పనిచేసి వచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏటా అత్యంత విలువైన ఆటగాడిని 50 మంది క్రీడా పాత్రికేయులు ఎన్నుకుంటారు, అసోసియేటెడ్ ప్రెస్ ఆ లెక్క మొత్తం ప్రచురిస్తుంది. 2024 సీజన్‌కు జాష్ ఆలెన్‌కు 383 పాయింట్లు, లామార్ జాక్సన్‌కు 362. మొదటి స్థానం ఓట్లు ఒకరికి 27, మరొకరికి 23. అంత దగ్గరి పోటీ అని తెలిసినందువల్ల ఆలెన్ గౌరవం తగ్గలేదు, జాక్సన్ పరువు పోలేదు. ఎన్నాళ్లో ఆ అంకెల మీద చర్చ సాగింది. ఆట లేని నెలల్లో ఆట గురించి జనం మాట్లాడుకోవడమంటే ఏమిటో ఆ సంస్థ మీడియా వ్యవహారాలు నడిపిన మీకు నేను చెప్పాలా?

రహస్య ఓటు కదా అన్న అభ్యంతరం రావచ్చు. ఎవరు ఎవరికి వేశారో నాకు అక్కరలేదు. అది రహస్యంగానే ఉండాలి, లాకర్ రూములో రోజూ ఎదురెదురు పడే మనుషులు వాళ్లు. మా ఊళ్లో సర్పంచి ఎన్నికలోనూ ఓటు రహస్యమే. కానీ సాయంత్రానికి గెలిచినవారికెన్ని, ఓడినవారికెన్ని, చెల్లనివెన్ని అన్నీ చదివి వినిపిస్తారు. పదకొండు ఓట్లతో ఓడిన మనిషి ఆ పదకొండునూ మరుసటి ఎన్నిక దాకా గుర్తుపెట్టుకుంటాడు. ఓడినవారికి ఇబ్బంది అని మీ ఆటగాళ్ల తరఫున ఎవరైనా అంటే, వారం వారం తమ స్కోరు లోకమంతా చూసే వృత్తిలో ఉన్నవారికి ఈ ఒక్క అంకె భారమవుతుందని నేను నమ్మను.

మా ఆసక్తికి సొంత కారణమూ ఒకటుంది, దాచుకోను. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2022లో, అరంగేట్ర సీజన్‌లోనే, ఈస్ట్ లేక్‌లో జరిగే టూర్ ఛాంపియన్‌షిప్ 30 మందిలో చోటు సంపాదించాడు. ఆ ఏడాది కొత్తవారిలో అక్కడికి చేరిన రెండో వ్యక్తి కామెరాన్ యంగ్. ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం యంగ్‌కే దక్కింది, ఓపెన్‌లో రెండో స్థానంలో నిలిచినవాడికి అది దక్కడంలో వింత లేదు. కానీ తీగలను ఎందరు సహ ఆటగాళ్లు తమ ఎంపికగా భావించారో తెలుసుకోవాలని ఇక్కడ తెల్లవారుజాము దాకా ఫోన్లలో స్కోర్లు చూసిన మాకుంటుంది. పది ఓట్లే వచ్చాయనుకోండి, ఆ పదిమంది మా దృష్టిలో చాలా పెద్దమనుషులు. మా విశాఖపట్నంలో పుట్టి కెనడాలో పెరిగిన సుదర్శన్ యల్లమరాజు, మీ టూర్‌కు కింది అంచె అయిన కార్న్ ఫెర్రీ టూర్ మెట్లెక్కి 2026కు మీ టూర్ కార్డు తెచ్చుకున్నాడు. రేపు కొత్త ఆటగాళ్ల జాబితాలో అతడి పేరు వస్తే ఇదే ప్రశ్న మళ్లీ వేస్తాం. అందువల్ల నా విన్నపం నూతన ఆటగాడి పురస్కారానికీ, కార్న్ ఫెర్రీ టూర్ పురస్కారాలకూ కూడా వర్తిస్తుంది.

లెక్క అంటే నా ఉద్దేశం శాతాలు మాత్రమే కాదు. కనీసం 15 టోర్నీలు ఆడిన సభ్యులకు ఓటు హక్కు ఉంటుందన్న నియమం తెలిసిందే. ఆ హక్కున్నవారు ఎందరో, వారిలో ఓటు వేసినవారు ఎందరో కూడా చెప్పండి. నూరు మందిలో 38 మందీ, యాభై మందిలో 19 మందీ ఒకే శాతం కావచ్చు, ఒకే మాట కాదు. ఓటింగ్ మధ్యలో ఎవరైనా సభ్యత్వం వదులుకుంటే అతడికి పడిన, పడబోయే ఓట్లను ఏం చేస్తారో ముందే రాతపూర్వకంగా ప్రకటించండి. 2023 డిసెంబరు మళ్లీ రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

పాత లెక్కలు భద్రంగా ఉంటే వాటినీ బయటపెట్టండి. ఇబ్బంది అనిపిస్తే అన్నిటికంటే పాతదానితో మొదలుపెట్టండి. 1990లో ఈ పురస్కారం తొలిసారి ఇచ్చినప్పుడు మేజర్ ఒక్కటీ లేకుండా నాలుగు టోర్నీలు గెలిచిన వేన్ లీవైని మీ ఆటగాళ్లు ఎన్నుకున్నారు. ఆ ఏడాదే మాస్టర్స్, ఓపెన్ గెలిచిన నిక్ ఫాల్డోకు అమెరికా పీజీఏ తన పురస్కారం ఇచ్చింది, మీ టూర్ సంపాదన జాబితాలో మొదటి స్థానం గ్రెగ్ నార్మన్‌ది. మూడు కొలతలకు ముగ్గురు మనుషులు. మూడున్నర దశాబ్దాలు గడిచాయి కనుక ఆ పెట్టె తెరిస్తే ఇప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదు. లీవైకి ఎన్ని ఓట్లు వచ్చాయి?

ఇట్లు,
ఒక గోల్ఫ్ అభిమాని,
విశాఖపట్నం.